సామాజిక పరిశోధన : అంశాన్నీ, పద్ధతినీ నిర్ణయించేదేమిటి?

ప్రతి విద్యాసంవత్సరంలోనూ ప్రాజెక్టు పని మొదలయ్యే రోజులలో విద్యార్థులు ఇద్దరు ముగ్గురు కలిసి వచ్చి, "సార్, ఏ అంశం తీసుకోమంటారు?" అని మమ్మల్ని అడగడం పరిపాటి. మేము బోధించేది తెలుగు. అయినా వ్యాసాల భాష దిద్దించుకొనడానికి వచ్చే విద్యార్థుల కోసం సమాజశాస్త్ర గ్రంథాలను కొన్నింటిని శ్రద్ధగా చదవవలసి వచ్చింది. ఆ చదువు వలన మాకు బోధపడినదేమంటే, "ఏ అంశం?" అనే ప్రశ్నతో పాటు అడగవలసిన ప్రశ్నలు మరి రెండున్నవి. ఈ అంశమే ఎందుకు? ఈ పద్ధతిలోనే ఎందుకు?

పరిశోధకుడు తనకు నచ్చిన అంశాన్ని స్వేచ్ఛగా ఎన్నుకొంటాడని, ఆపైన దానికి తగిన పద్ధతిని శాస్త్రమే చూపిస్తుందని మనము సాధారణంగా భావిస్తాము. వాస్తవం అంత సరళమైనది కాదు. కాలం, ధనం, అనుమతి, నమ్మిన సిద్ధాంతం, పుట్టిన ఇల్లు, మాట్లాడే భాష, మనస్సాక్షి - ఇవన్నీ కలిసి పరిశోధకుని చేయి పట్టుకొని నడిపిస్తాయి. ఈ సంగతిని వివరించడానికి దూరదేశాలకు పోనవసరం లేదు. మన పాత హైదరాబాదు రాజ్యంలోను, మన జహీరాబాదు పరిసరాలలోను తగినన్ని ఉదాహరణలు ఉన్నవి.

చరిత్ర చూపిన దారి

1909లో వియన్నా నగరంలో జన్మించిన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ మానవశాస్త్రవేత్త. 1936-37లో ఆయన ఈశాన్య భారతంలోని నాగా తెగల మధ్య పరిశోధన చేశారు. 1939లో రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైనప్పుడు ఆయన భారతదేశంలోనే ఉన్నారు. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోయినందున ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. ఆ కారణంగా బ్రిటిషు ప్రభుత్వం ఆయనను శత్రుదేశపు పౌరునిగా పరిగణించి, హైదరాబాదు సంస్థానంలో ఉండడానికి మాత్రమే అనుమతించింది. నాగా కొండలకు పోయే దారి మూసుకొనిపోయింది. తెలుగు అడవుల దారి తెరుచుకొన్నది.

ఆ విధంగా 1943లో చెంచులపై, 1945లో కొండరెడ్లపై, 1948లో ఆదిలాబాదు రాజ్‌గోండులపై ఆయన గ్రంథాలు వెలువడినవి. ఈ మూడు తెగలను గురించి నేడు మనకు తెలిసిన విషయాలలో పెద్ద భాగానికి ఆ గ్రంథాలే ఆధారం. ఒక పాస్‌పోర్టు, ఒక యుద్ధం లేకపోయినట్లయితే ఆ గ్రంథాలు వచ్చి ఉండేవో కావో!

గోండులపై పరిశోధనకు మరొక కారణం కూడా ఉన్నది. 1940లో జోడేఘాట్ ప్రాంతంలో కుమ్రం భీం నాయకత్వాన తిరుగుబాటు జరిగింది. భీం కాల్పులలో మరణించారు. ఆ అశాంతికి మూలమేమిటో తెలుసుకొనవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి కలిగింది. ఆ పని హైమెన్‌డార్ఫ్‌కు అప్పగించింది. అనగా ప్రశ్న పరిశోధకుని మనస్సులో మాత్రమే పుట్టలేదు. అడవిలో భూమి కోల్పోయినవారి తిరుగుబాటు నుండి పుట్టి, ప్రభుత్వ కార్యాలయం మీదుగా ఆయన వద్దకు వచ్చింది. ఆయన తన భార్య బెట్టీతో కలిసి మార్లవాయి గ్రామంలో గోండుల నడుమ నివసించి వారి జీవితాన్ని పరిశీలించారు. దీనినే భాగస్వామ్య పరిశీలన అంటారు. ఫలితంగా గిరిజనులకు భూమి పట్టాలు, గోండీ భాషలో చదువు చెప్పే బడులు వచ్చినవి. 

అయితే ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. సర్కారు పంపగా వచ్చిన మనిషికి గ్రామంలో ద్వారాలు త్వరగా తెరుచుకొంటాయి. కాని సర్కారు మనిషితో జనం ఏది చెప్పాలో, ఏది దాచాలో కూడా ఆలోచించుకొంటారు. అనుమతి ఇచ్చిన చేయి సమాధానాల మీద కూడా తన నీడను వేస్తుంది.

షామీర్‌పేట : కాలం అడిగిన ప్రశ్న

ఆ తరువాత పదేండ్లు గడవకముందే దేశం మారిపోయింది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటం విరమింపబడింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమైంది. దేశమంతటా వినిపించిన ప్రశ్న ఒకటే: మన గ్రామం ఎట్లా ఉన్నది, దానిని ఎట్లా మార్చాలి?

అట్టి సమయంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధిస్తున్న ఎస్. సి. దూబే, హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న షామీర్‌పేట గ్రామాన్ని తన బృందంతో 1951-52లో అధ్యయనం చేశారు. విశ్వవిద్యాలయం చేపట్టిన సామాజిక సేవా విస్తరణ కార్యక్రమంలో భాగంగా వైద్యం, వ్యవసాయం, పశువైద్యం మొదలైన శాఖలవారు కూడా ఆ గ్రామంలో పనిచేశారు. మందు ఇచ్చే చేతితోనే వివరాలు వ్రాసుకొన్నారు. కులం, కుటుంబం, వృత్తి, పండుగలు, ఆచారాలు, జీవన ప్రమాణాలు - అన్నీ ఒక్కచోట వర్ణించిన ఆ గ్రంథం 1955లో "ఇండియన్ విలేజ్" అనే పేరుతో వెలువడింది. షామీర్‌పేట ముస్లిం కుటుంబాల జీవితానికి కూడా అందులో చోటున్నది.

ఇదే రాజ్యంలో అంతకు పూర్వం 1929-30లో కేశవ అయ్యంగార్ ఆర్థిక విచారణ జరిపారు. ఆ విచారణ అడిగినవి కమతాలు, ఆదాయం, అప్పులు మొదలైన లెక్కలు. ప్రభుత్వానికి లెక్కలు కావలసినప్పుడు సర్వేక్షణ వచ్చింది. గ్రామం యొక్క అంతరంగం కావలసినప్పుడు ఒక్క ఊరిలో మకాం వేసే పద్ధతి వచ్చింది. మొదటిది విస్తృతి గలది, రెండవది లోతు గలది. అనేక గ్రామాల లెక్క తీసినవాడు ఒక రైతు మనస్సును చూడలేడు. ఒక్క గ్రామంలో ఉన్నవాడు దేశమంతటి మాట చెప్పలేడు. ఒకే గ్రామాన్ని వర్ణించిన పుస్తకానికి "భారతీయ గ్రామం" అనే అర్థం వచ్చే పేరు పెట్టడంలోనే ఈ చిక్కు దాగి ఉన్నది.

సిద్ధాంతం చూపే దారి

పద్ధతి ఎంపికలో పరిశోధకుడు నమ్మిన సిద్ధాంతానికి గొప్ప స్థానమున్నది. ఫ్రెంచి పండితుడు ఎమిలీ డర్క్‌హైమ్ 1897లో ఆత్మహత్యలపై గ్రంథం ప్రకటించారు. ఆత్మహత్య మిక్కిలి వ్యక్తిగతమైన చర్య కదా! అందులో కూడా సమాజపు పాత్ర ఉన్నదని రుజువు చేసినట్లయితే, సమాజశాస్త్రం స్వతంత్ర శాస్త్రమని లోకం అంగీకరిస్తుందని ఆయన ఆశ. అందుకు ఆయన ఆధారం ప్రభుత్వ గణాంకాలు. ఇట్టి దృక్పథాన్ని ప్రత్యక్షవాదం అంటారు. ఇందుకు భిన్నంగా, మనుషులు తమ చర్యలకు తామే ఇచ్చుకొనే అర్థాన్ని గ్రహించాలని జర్మన్ పండితుడు మాక్స్ వెబర్ బోధించారు. ఈ మార్గంలో నడిచేవారు అంకెల కంటె దీర్ఘమైన సంభాషణలకు, పరిశీలనకు ప్రాధాన్యం ఇస్తారు.

మన రాష్ట్రంలోని రైతు ఆత్మహత్యలను గురించి ఆలోచిస్తే ఈ భేదం స్పష్టమవుతుంది. అధికార గణాంకాలనే నమ్మి పనిచేసేవారికి ఒక ప్రమాదమున్నది. పేరున పట్టా లేని కౌలుదారుడు, భర్త పేరున ఉన్న పొలంలో జీవితమంతా చాకిరీ చేసిన స్త్రీ రైతుల లెక్కలోకి రాకుండా జారిపోతారు. ఆ స్త్రీ కాగితం మీద గృహిణి. అంకె అబద్ధం ఆడకపోవచ్చును. కాని అంకెను వ్రాసినవాడు ఎవరిని రైతు అనుకొన్నాడో ముందుగా విచారింపవలసి ఉంటుంది.

1904లో వ్రాసిన ఒక వ్యాసంలో వెబర్ చేసిన వివేచన మన చర్చకు కీలకం. అంశాన్ని ఎన్నుకొనడంలో పరిశోధకుని విలువలు పనిచేయక తప్పదు. కాని సత్యాన్ని నిర్ణయించేటప్పుడు ఆ విలువలు తూకంలో చేయి పెట్టరాదు. ఈ రెండింటికీ నడుమ ఉన్న గీతను కాపాడుకొనడమే వస్తునిష్ఠత.

పరిశోధకుడు పుట్టిన ఇల్లు

ఎం. ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతపు ఒక గ్రామంలో నివసించి, దానికి రాంపుర అని మారుపేరు పెట్టి పరిశోధించారు. 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పనిచేస్తున్న భవనానికి దుండగులు నిప్పు పెట్టగా, ఏండ్ల తరబడి సిద్ధం చేసుకొన్న వ్రాతలు కాలిపోయినవి. అప్పుడు జ్ఞాపకాల ఆధారంగా ఆయన వ్రాసిన గ్రంథం 1976లో వెలువడింది. అగ్నిప్రమాదం కూడా ఒక్కొక్కప్పుడు పద్ధతిని నిర్ణయిస్తుందన్నమాట!

ఆ గ్రంథంలో అంతకంటె విలువైనది ఆయన నిజాయితీ. బ్రాహ్మణునిగా పుట్టి, గ్రామ పెద్ద ఆశ్రయంలో నివసించినందున తాను ఊరిని ఎక్కువగా పైకులాలవారి కన్నులతోనే చూశానని, దళితులతో తగినంత పరిచయం కల్పించుకొనలేకపోయానని ఆయన దాపరికం లేకుండా ఒప్పుకొన్నారు. ఏ అరుగు మీద కూర్చుంటే ఆ అరుగు మీది నుండి కనబడినంత మేరకే ఊరు కనబడుతుంది.

మా పొరపాటు

పెద్దల పరిమితులు ఎంచిన మేము మా పొరపాటును దాచుకొనడం న్యాయం కాదు. కొన్ని సంవత్సరాల క్రితం సేవా శిబిరం సందర్భంగా మన పట్టణంలోని ఒక బస్తీలో కుటుంబాల ఆర్థిక స్థితిని తెలుసుకొనడానికి మేము ఒక ప్రశ్నావళి తయారు చేశాము. ప్రశ్నలు తెలుగులో ఉన్నవి. వెళ్లినవారందరు మగపిల్లలు. ఉన్నది రెండు మధ్యాహ్నాల సమయం. గుమ్మం దగ్గర నిలబడి అడిగితే ఇంటి మగవారు సమాధానాలు చెప్పారు. స్త్రీల వృత్తి అనే గడిలో దాదాపు ప్రతి కాగితం మీదా "పని ఏమీ లేదు" అనే మాటే వచ్చింది. అంకెలు కూడి, పట్టిక వేసి, సంతోషించి, ఆ నివేదిక ప్రతిని మహిళల ఉపాధి పథకం చూసే ఒక కార్యాలయానికి కూడా పంపినాము.

తరువాత ఆ బస్తీకే చెందిన ఒక విద్యార్థిని ఆ పట్టికను చూసి నెమ్మదిగా అన్నది: "సార్, మా గల్లీలో కుట్టు మిషను లేని ఇల్లు వెతకాలి. అమ్మీ వాళ్లు రాత్రి పదకొండు దాకా కుడతారు. పని లేదని ఎవరు చెప్పినారు?"

మేము నిరుత్తరులమైనాము. మళ్లీ ఆడపిల్లలను పంపినాము. వారు లోపలికి పోయి, చాప మీద కూర్చుని, ఉర్దూలో మాట్లాడినారు. జాకెట్లు కుట్టేవారు, చీరలకు ఫాల్ వేసేవారు, పచ్చళ్లు, అప్పడాలు చేసి దుకాణాలకు ఇచ్చేవారు - ఒక్కొక్కరుగా బయటపడినారు. ఇంకొక సంగతి కూడా తెలిసింది. ఆదాయం చెబితే రేషను కార్డు పోతుందేమోనన్న భయంతో మగవారు కూడా తక్కువ చేసి చెప్పినారట. అడిగేవాడెవడో, ఎందుకు అడుగుతున్నాడో తెలియనప్పుడు పేదవాడు జాగ్రత్త పడటం తప్పు కాదు. తప్పు మాది. మేము దిద్దిన నివేదికను మళ్లీ పంపినాము. కాని మొదటి కాగితాన్ని నమ్మి ఎవరైనా ఆ స్త్రీలకు మిషన్లు, రుణాలు అనవసరమని నిర్ణయించి ఉంటే? పద్ధతిలో దొర్లిన పొరపాటు కాగితం మీదనే ఆగిపోదు. ఒకరి అన్నంలోకి దిగుతుంది.

ధనం ఎవరిది? పక్షం ఎవరిది?

మన పట్టణానికి ఆనుకొని ఉన్న పస్తాపూర్‌లో 1983 నుండి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తున్నది. ఈ ప్రాంతపు దళిత మహిళల సంఘాలు జొన్న, సజ్జ, కొర్ర వంటి చిరుధాన్యాలను, విత్తనాలను కాపాడిన విధానం లోకానికి తెలుసు. 2008లో మాచునూరులో వారి సంఘం రేడియో ప్రారంభమైంది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారికి ఈక్వేటర్ బహుమతి ప్రకటించింది. పరిశోధన విషయంలో కూడా వారి నుండి నేర్వదగిన పాఠమొకటి ఉన్నది.

2002లో భారత ప్రభుత్వం బీటీ పత్తి సాగుకు అనుమతించింది. ఆ విత్తనం వలన రైతుకు లాభమా, నష్టమా? విత్తన సంస్థ తరఫున ఒక మార్కెట్ పరిశోధనా సంస్థ అనేక రాష్ట్రాల రైతులను విచారించి, దిగుబడి, లాభం పెరిగినవని చెప్పింది. మరొక వైపు వ్యవసాయ శాస్త్రజ్ఞులు అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సక్ఖరి వరంగల్ తదితర ప్రాంతాల రైతులను వరుసగా మూడు సంవత్సరాలు పంటకాలం పొడవునా పరిశీలించి, చిన్న రైతు నష్టపోయినాడని తేల్చినారు. 2005లో వారి నివేదికను ప్రచురించినది డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ. 2003లో పస్తాపూర్ మహిళలు స్వయంగా కెమెరా పట్టి వరంగల్ పత్తి రైతుల గోడును చిత్రంగా తీసినారు. అంతవరకు ఇతరుల ప్రశ్నలకు సమాధానం చెప్పినవారే ప్రశ్నలు అడిగేవారైనారు.

ఒకే ప్రశ్నకు రెండు సమాధానాలు వచ్చినప్పుడు విద్యార్థి ఏమి చేయాలి? విత్తనం అమ్మేవారికి లాభాపేక్ష ఉన్నది. స్థానిక విత్తనాలను కాపాడేవారికి కూడా ఒక పక్షమున్నది. ఆ సంగతి వారూ దాచలేదు. కనుక "నాకు ఇష్టమైనవారు చెప్పినదే నిజం" అనడం శాస్త్రం కాదు. ఖర్చు ఎవరు భరించినారు? ఎంతమంది రైతులను, ఏ నేలల్లో చూసినారు? పంట చేతికి వచ్చిన తరువాత ఒక్కసారి అడిగినారా, విత్తిన నాటి నుండి చూసినారా? లెక్కలు ఇతరులు తనిఖీ చేయడానికి వీలుగా ఉన్నవా? ఈ ప్రశ్నలను రెండు పక్షాలకూ సమానంగా వేయాలి.

అడగని ప్రశ్న

కొన్ని అంశాలను పరిశోధకులు ఎన్నుకొంటారు. కొన్నింటిని తరతరాలుగా ఎవరూ ముట్టుకొనరు. ముస్లింలలో కులం వంటి విభజనలు లేవనే భావన వలన ఆ విషయంపై చాలాకాలం విచారణ తక్కువగా జరిగింది. 1973లో ఇంతియాజ్ అహ్మద్ సంపాదకత్వాన వెలువడిన వ్యాస సంపుటం ఆ మౌనాన్ని భంగపరచింది. ఉన్నతమైన ఆదర్శం ఒకటి, గల్లీలోని ఆచరణ మరొకటి అని అది చూపింది.

దీని ప్రాధాన్యం మన రాష్ట్రంలో న్యాయస్థానం దాకా పోయింది. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ ఇవ్వగా హైకోర్టు దానిని కొట్టివేసింది. మరుసటి సంవత్సరం చేసిన చట్టానికీ అదే గతి పట్టింది. వెనుకబాటుతనాన్ని నిర్ణయించడానికి జరిపిన విచారణ ఏపాటిది అనే ప్రశ్న ఆ వివాదంలో ప్రధానమైంది. 2007లో పి. ఎస్. కృష్ణన్ నివేదిక తరువాత వెనుకబడిన ముస్లిం వర్గాలను గుర్తించి, బీసీ-ఇ పేరుతో 4 శాతం కల్పించారు. 2010లో హైకోర్టు దానిని కూడా కొట్టివేయగా, అదే సంవత్సరం సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. ఈ విషయంలో ఎవరి అభిప్రాయం ఏదైనా కావచ్చును. కాని ఎంతమందిని అడిగినారు, ఎట్లా ఎన్నుకొన్నారు, ఏ ప్రమాణంతో కొలిచినారు అనే విషయాలపై వేలాది విద్యార్థుల సీట్లు ఆధారపడినవి. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి కుల సర్వే ప్రారంభించింది. 1931 తరువాత జనగణనలో అన్ని కులాల వివరాలూ ప్రకటింపబడలేదని జ్ఞప్తికి తెచ్చుకొంటే, ఒక ప్రశ్నను అడగాలా వద్దా అనేదే ఎంత పెద్ద నిర్ణయమో అర్థమవుతుంది.

విద్యార్థులకు మా మనవి

ఈ చర్చ విని, పరిశోధన అంతా పక్షపాతమేనని నిరాశ పడవలదు. ప్రభావాలు లేని పరిశోధకుడు లేడు. తన మీద ఉన్న ప్రభావాలను దాచినవాడు, చెప్పినవాడు అని రెండు విధాలవారు మాత్రం ఉన్నారు. శ్రీనివాస్ చెప్పినందువలననే ఆయన గ్రంథాన్ని ఎంతవరకు నమ్మాలో మనకు తెలిసింది. చెప్పని వ్యాసంలో ఆ వీలు లేదు.

మన ఇంటి ముందటి అంశాన్నే తీసుకొందాము. న్యాలకల్, ఝరాసంగం మండలాలలో జాతీయ పెట్టుబడి, తయారీ మండలి కోసం భూసేకరణ జరిగింది. ఎన్ని ఎకరాలు, ఎంత పరిహారం అనేవి కార్యాలయపు కాగితాలలో దొరుకుతాయి. భూమి ఇచ్చిన రైతు ఆ డబ్బును ఏమి చేసినాడో ప్రశ్నావళి చెబుతుంది. ఆ భూమిలో కూలికి పోయిన స్త్రీకి పరిహారమేమైనా అందినదా అనేది ఆమె పక్కన కూర్చుంటే గాని తెలియదు. ఈ మూడింటిలో మీరు ఏది ఎన్నుకొన్నా తప్పు లేదు. మిగిలిన రెండింటిని వదిలినామని మాత్రం వ్రాయాలి.

కనుక ప్రాజెక్టు మొదటి పుటలో ఈ ఐదు విషయాలు వ్రాయవలసిందిగా మా కోరిక. ఈ అంశాన్ని ఎందుకు ఎన్నుకొన్నాము? మాకు సమయం, ధనం, అనుమతి ఎంత ఉన్నవి, ఎవరి నుండి వచ్చినవి? మేమెవరము, ఏ భాషలో, ఇంటిలో ఎవరిని అడిగినాము? ఎవరిని అడగలేకపోయినాము? మాకు చెప్పినవారి పేర్లకు, బతుకుకు హాని కలగకుండా ఏ జాగ్రత్త తీసుకొన్నాము?

కళాశాల యాజమాన్యానికి కూడా ఒక విన్నపం. బస్తీలకు పంపే విద్యార్థి బృందాలలో ఆడపిల్లలు తప్పక ఉండేటట్లు, ప్రశ్నావళులు తెలుగు, ఉర్దూ రెండు భాషలలో ముద్రించేటట్లు, రెండు మధ్యాహ్నాలకు బదులు రెండు వారాలు లభించేటట్లు ఏర్పాటు చేయవలెను. ఇందుకయ్యే వ్యయం స్వల్పం. లోపలి గదిలో మిషను ముందు కూర్చున్న తల్లిని "పని ఏమీ లేదు" అని మా విద్యార్థులు మరొకసారి వ్రాయకుండా ఉండటానికి అంతకంటె తక్కువ చాలదు.